యాప్ తీసేశా కదే, ఇంకా డబ్బులెందుకు పోతున్నాయ్?

అమ్మ ఆఫీసు టైమ్‌లో ఫోన్ చెయ్యదు. "నువ్వు మీటింగుల్లో ఉంటావ్" అని తనకి తానే ఒక రూల్ పెట్టుకుంది. అందుకే ఓ మంగళవారం పొద్దున పదకొండింటికి తోట్లవల్లూరు నుంచి కాల్ వచ్చేసరికి నా గుండె జారిపోయింది. నాన్నకేమన్నా అయ్యిందేమో అనుకున్నా.

"నా ఖాతాలో 299 ఎవరో తీసేసుకున్నారే" అంది. గొంతు మామూలుగా లేదు.

299కి ఇంత కంగారా అనిపిస్తోందా? నాకూ ముందు అలాగే అనిపించింది. విషయం విన్నాక అర్థమైంది. ఆ రోజు డ్వాక్రా గ్రూపు మీటింగు. అమ్మ కట్టాల్సిన వాయిదా 2,600. ముందురోజు సాయంత్రమే పాల డబ్బులు పడ్డాయని చూసుకుంది, ఖాతాలో 2,640 ఉంది. పొద్దున అందరి మధ్యలో కూర్చుని లీడరు ఫోన్‌కి స్కాన్ చేస్తే బ్యాలెన్స్ చాలదని వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. పన్నెండేళ్లుగా ఒక్క వాయిదా ఆలస్యం చెయ్యని మనిషి, పదిమంది ముందు ఫోన్ పట్టుకుని అలా ఉండిపోయింది. పక్కింటి పిన్ని కొంగు ముడి విప్పి మూడొందలు చేతిలో పెట్టింది కాబట్టి గడిచింది. అమ్మ బాధ 299 గురించి కాదు, ఆ మూడొందల గురించి.

ఆ శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కి, విజయవాడలో దిగి, ఉయ్యూరు మీదుగా ఇంటికెళ్లా. కాఫీ కూడా తాగకుండా అమ్మ ఫోన్ అడిగా. చదవని మెసేజ్‌లు నాలుగొందల పైచిలుకు. లోన్ ఆఫర్లు, రీఛార్జ్ గుర్తులు, గ్యాస్ బుకింగు, ఎవరో ఎక్కడో అమ్ముతున్న ప్లాట్లు. వాటి మధ్యలో దొరికింది. సోమవారం రాత్రి 9:47కి 299 డెబిట్. వెనక్కి వెళ్తే పోయిన నెల ఒకటి. అంతకుముందు నెల ఒకటి. అలా పదకొండు. అన్నిటికంటే కింద, మొట్టమొదట, ఒకే ఒక్క రూపాయి.

అన్నీ కలిపితే 3,290.

"ఇదేంటమ్మా?" అంటే చాలాసేపు ఆలోచించి, "ఆ... ఫేస్‌బుక్‌లో ఏదో సీరియల్ వచ్చిందే. ఒక్కోటి రెండు నిమిషాలే. కోడల్ని బయటికి గెంటేస్తారు, అక్కడ ఆగిపోయింది. మిగతాది చూడాలంటే ఒక్క రూపాయి అన్నాడు. ఒక్క రూపాయే కదా అని నొక్కా. నాలుగు రోజులు చూశా, కళ్లు లాగుతున్నాయని యాప్ తీసేశా" అంది. తర్వాత నా వంక చూసి, "తీసేశా కదే, ఇంకా డబ్బులెందుకు పోతాయ్?" అంది.

ఈ ప్రశ్న మా అమ్మది మాత్రమే కాదు. నా ఆఫీసులో, నాతో కోడ్ రాసేవాళ్లలో కూడా యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుందనుకునేవాళ్లు ఉన్నారు. అమ్మకి ఎలా చెప్పానో మీకూ అలాగే చెప్తా. చేలో నీళ్లు పారుతుంటే మనం గట్టు దిగి ఇంటికొచ్చేస్తే నీళ్లు ఆగుతాయా? ఆగవు. తూము తలుపు దించాలి. యాప్ తీసెయ్యడం గట్టు దిగి రావడం లాంటిది. తూము ఆ యాప్‌లో లేదు, బ్యాంకు దగ్గరుంది. ఆ రోజు అమ్మ పిన్ కొట్టింది ఒక్క రూపాయికి అనుకుంది. నిజానికి ఆ పిన్‌తో "నెలనెలా ఇంతవరకు తీసుకో, మళ్లీ నన్నడగక్కర్లేదు" అని తన బ్యాంకుకి రాసిచ్చేసింది. దాన్నే మ్యాండేట్ అంటారు. స్క్రీన్ మీద ఆ మాట ఉంటుంది, సన్న అక్షరాల్లో. "ఒక్క రూపాయి" మాత్రం అరచెయ్యంత సైజులో ఉంటుంది.

సరే, తూము ఎక్కడుందో వెతుకుదామని అమ్మ రోజూ వాడే యూపీఐ యాప్ తెరిచా. ప్రొఫైల్‌లోకి వెళ్తే ఆటోపే అని ఉంటుంది, మీ ఫోన్‌లో కూడా ఉంటుంది, ఇది చదువుతూనే ఒకసారి చూసుకోండి. అమ్మదాంట్లో ఖాళీ. ఒక్క మ్యాండేట్ కూడా లేదు. నేనూ ఒక నిమిషం బిత్తరపోయా. తర్వాత గుర్తొచ్చింది, తమ్ముడు ఎప్పుడో క్యాష్‌బ్యాక్ కోసమని ఇంకో యూపీఐ యాప్ వేసి వదిలేశాడు. ఫోల్డర్‌లో ఎక్కడో అడుగున ఉంది. అది తెరిస్తే కనిపించింది, యాక్టివ్ అని పచ్చ రంగులో. మ్యాండేట్ ఏ యాప్ ద్వారా పెట్టామో ఆ యాప్‌లోనే వెతుక్కోవాల్సి రావడం ఇన్నాళ్లూ పెద్ద తలనొప్పి. అన్ని యాప్‌ల మ్యాండేట్‌లూ ఒక్కచోట కనిపించేలా చెయ్యమని ఎన్‌పీసీఐ 2025 అక్టోబరులో యాప్‌లకి చెప్పింది. అయినా మీ ఫోన్‌లో ఎన్ని యూపీఐ యాప్‌లుంటే అన్నీ తెరిచి చూడటమే మేలు.

క్యాన్సిల్ నొక్కాం, పిన్ అడిగింది, అమ్మే కొట్టింది. అంతే. ఇరవై సెకన్లు పట్టింది. పదకొండు నెలలు పోయినదానికి.

రాత్రి 9:47 ఏంటి, ఎవడైనా దొంగ కూర్చుని తీశాడా అని అమ్మ అనుమానం. కాదు. 2025 ఆగస్టు 1 నుంచి ఆటోపే డెబిట్లన్నీ రద్దీ లేని టైమ్‌లోనే జరగాలని ఎన్‌పీసీఐ రూలు పెట్టింది. పొద్దున 10 లోపు, మధ్యాహ్నం 1 నుంచి 5 వరకు, లేదంటే రాత్రి 9:30 తర్వాత. ఖాతాలో డబ్బుల్లేక ఒకసారి ఫెయిలైతే ఇంకో మూడుసార్లు ప్రయత్నించొచ్చు. అంటే ఖాతా ఖాళీగా ఉంది కదా, ఏం పోతుందిలే అనుకోడానికి లేదు. పాల డబ్బులు పడ్డ రాత్రికే అది వచ్చి తలుపు కొట్టొచ్చు.

ఇప్పుడు నన్ను అసలు ఇబ్బంది పెట్టిన సంగతి చెప్తా. మన దేశంలో ఈ విషయం మీద రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. చాలా దేశాలకంటే గట్టివే ఉన్నాయి. 2019 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు కార్డుల మీద పదేపదే జరిగే చెల్లింపులకి ఒక పద్ధతి పెట్టింది, 2020 జనవరిలో దాన్ని యూపీఐకి కూడా తెచ్చింది. మ్యాండేట్ పెట్టేటప్పుడు ఓటీపీయో పిన్నో తప్పనిసరి. డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. అందులో ఎవరు తీస్తున్నారు, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నీ ఉండాలి. ఆ ఒక్కసారికి వద్దనుకున్నా, మొత్తానికే వద్దనుకున్నా ఆపుకునే దారి ఉండాలి. దీనికి మన దగ్గర పైసా వసూలు చెయ్యకూడదు. మొదట్లో ఓటీపీ లేకుండా తీసుకునే పరిమితి 2,000. తర్వాత 5,000 అయ్యింది, 2022 జూన్‌లో 15,000 అయ్యింది. ఇన్సూరెన్స్ ప్రీమియం, మ్యూచువల్ ఫండ్లు, క్రెడిట్ కార్డు బిల్లులకైతే 2023 డిసెంబరు నుంచి లక్ష.

మరి అమ్మకి ఆ ముందస్తు మెసేజ్ రాలేదా? వచ్చింది. ప్రతి నెలా వచ్చింది. పదకొండుసార్లూ వచ్చింది. నేనే వెతికి చూశా. రూల్ ప్రకారం అన్నీ ఉన్నాయి, పేరు, మొత్తం, తేదీ. ఇంగ్లీషులో. అమ్మ పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివింది, తెలుగులో వచ్చుంటే మొదటి నెలే నాకు ఫోన్ చేసేది. ఎల్పీజీ సబ్సిడీ మెసేజ్ తెలుగులో వస్తే అక్షరం వదలకుండా చదివే మనిషి.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. 2021 అక్టోబరు 1 నాకు బాగా గుర్తు. గడువు మీద గడువు ఇచ్చి చివరికి ఆ రోజు నుంచి ఆర్బీఐ ఈ రూల్‌ని కచ్చితంగా అమల్లో పెట్టింది. నేను అప్పుడు మొదటి ఉద్యోగంలో కొత్తగా చేరా, సబ్‌స్క్రిప్షన్ల మీద బతికే కంపెనీ. ఆ వారమంతా కార్డు చెల్లింపులు కుప్పలుకుప్పలుగా ఫెయిల్. రాత్రుళ్లు కూర్చుని లాగ్‌లు చూస్తూ, "ఈ ఆర్బీఐకి వేరే పనిలేదా" అని టీమంతా తిట్టుకున్నాం. నేనైతే గట్టిగానే తిట్టా. అదే కంపెనీలో తర్వాత క్యాన్సిల్ చేసే దారికి నాలుగు స్క్రీన్లు పెట్టాం. నిజంగా వెళ్లిపోతారా, ఎందుకు వెళ్తున్నారు, సగం ధరకిస్తే ఉంటారా, చివరగా మళ్లీ ఒకసారి ఆలోచించండి. మూడో స్క్రీన్ నేను రాసింది. ఉండిపోయే బటన్ నిండు రంగులో, వెళ్లిపోయే మాట బూడిద రంగులో. ఆ నెల ఎంతమంది ఆగారో గ్రాఫ్ చూపిస్తే మీటింగులో చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఎంతమంది ఇష్టంతో ఆగారో, ఎంతమందికి ఆ బూడిద రంగు మాట కనిపించలేదో గ్రాఫ్‌లో ఉండదు. అమ్మకి ఇదంతా ఇంకా చెప్పలేదు.

ఇలాంటి వాటికి ఇప్పుడు చట్టంలో పేరుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం 13 రకాలు. అందులో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి. అంటే క్యాన్సిల్ బటన్ దాచేయడం, ఆ దారిని చుట్టూ తిప్పడం, ఫ్రీ అని చెప్పి పేమెంట్ వివరాలు తీసుకోవడం లాంటివి. మూడో స్క్రీన్ రాసినప్పుడు ఈ కాగితం లేదు. ఉన్నా చదివేదాన్నో లేదో.

కార్డు సంగతికి వద్దాం, మీలో చాలామంది ఓటీటీలకి, క్లౌడ్ స్టోరేజ్‌కి, జిమ్‌కి కార్డే ఇచ్చుంటారు. మర్చంట్ వెబ్‌సైట్‌లో క్యాన్సిల్ బటన్ దొరక్కపోతే వాడి వెంట పడక్కర్లేదు. మీ బ్యాంకు యాప్‌లో కార్డుల సెక్షన్‌లోకి వెళ్లి ఈ-మ్యాండేట్ అనో, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అనో ఉన్నచోట చూడండి. ఒక్కో బ్యాంకు ఒక్కో పేరు పెట్టింది. చాలా బ్యాంకులు అక్కణ్నించి బిల్‌డెస్క్ వాళ్ల ఎస్‌ఐ హబ్ అనే పేజీకి పంపిస్తాయి. కార్డు నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే ఆ కార్డు మీదున్న మ్యాండేట్‌లన్నీ వరసగా కనిపిస్తాయి. వద్దనుకున్నది అక్కడే రద్దు చేసుకోవచ్చు. ఆ పేజీకి మీ బ్యాంకు యాప్ నుంచో సైట్ నుంచో మాత్రమే వెళ్లండి. ఎవరో పంపిన మెసేజ్‌లోని లింకు నొక్కి కార్డు నంబరు కొడితే, 299 ఆపబోయి మొత్తం ఊడ్చిపెట్టినట్టవుతుంది.

నేను నా కార్డు చూసుకుంటే ఐదున్నాయి. రెండిటి పేర్లు కూడా గుర్తుపట్టలేదు. ఒకటి కాలేజీలో ప్రాజెక్టు కోసం తీసుకున్న టూల్. పెద్ద తెలివైనదాన్నన్నమాట, అమ్మకి క్లాసు పీకడానికి వెళ్లా.

కార్డు బ్లాక్ చేసి కొత్తది తీసుకుంటే పోలేదా అని కొందరంటారు. డల్లాస్‌లో ఉండే మా వదిన అదే చేసింది. జిమ్ వాడు వదలట్లేదని కార్డు పోయిందని చెప్పి కొత్త నంబరు తెప్పించుకుంది. మరుసటి నెల కొత్త కార్డు మీద కూడా ఠంచనుగా పడింది. అక్కడ కార్డు నెట్‌వర్కులకి అకౌంట్ అప్‌డేటర్ అని ఒక సర్వీసు ఉంది, కార్డు మారితే కొత్త వివరాలు పాత మర్చంట్లకి అవే అందించేస్తాయి. మంచికే పెట్టారు, కరెంటు బిల్లు ఆగకూడదని. వదిన జిమ్ కూడా ఆగలేదు. చివరికి బ్యాంకుకి ఫోన్ చేసి ఆ మర్చంట్‌ని ఆపమని చెప్పుకోవాల్సి వచ్చింది. క్యాన్సిల్ చెయ్యడం కూడా చేరినంత తేలిగ్గా ఉండాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరులో ఒక రూలు తెచ్చింది. అమల్లోకి వచ్చే ముందే, 2025 జులైలో కోర్టు దాన్ని కొట్టేసింది. బ్రిటన్‌లో మాత్రం 2009 నుంచే, కార్డు మీద తీసుకునేవాడికి ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంటున్నానని మీరు బ్యాంకుకి చెప్తే చాలు, బ్యాంకు ఆపి తీరాలి. ముందు మర్చంట్ దగ్గరికి వెళ్లి రా అనకూడదు.

మన దగ్గర 2022 అక్టోబరు నుంచి మర్చంట్లు అసలు కార్డు నంబరే దాచుకోకూడదు, టోకెన్ మాత్రమే ఉంచుకోవాలి. ఈ విషయంలో మనం కొంచెం నయం.

ఒక తిరకాసు ఉంది, వినండి. బ్యాంకు మూసేది డబ్బు వెళ్లే దారిని. మీకూ ఆ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందాన్ని కాదు. ఏడాదికి ఒప్పుకుని నెలనెలా కట్టే ప్లాన్ అయితే, వాడు బాకీ ఉందని వెంటపడొచ్చు. కాబట్టి దారి మూసేశాక ఒక మెయిల్ కూడా పెట్టండి, ఫలానా తేదీ నుంచి నాకు వద్దు అని, స్క్రీన్‌షాట్‌తో. ఇక లోన్ ఈఎంఐలు, సిప్‌లు చాలావరకు నాచ్ అనే ఇంకో దారిలో, నేరుగా బ్యాంకు ఖాతా నుంచి పోతాయి. వాటిని నెట్ బ్యాంకింగ్‌లోనో బ్రాంచిలోనో చూడాలి. ఈఎంఐ మ్యాండేట్ మాత్రం సరదాకి కూడా ముట్టుకోకండి. బౌన్స్ ఛార్జీలు పడతాయి, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

పోయిన డబ్బుల సంగతేంటి అని అడుగుతారు కదా. ఆ సీరియల్ కంపెనీకి అమ్మ పేరుతో మెయిల్ పెట్టా. యాప్ పదకొండు నెలలుగా తెరవలేదని వాళ్ల దగ్గరే లెక్క ఉంటుంది, ఆ మాటే రాశా. రెండు రోజులకి జవాబొచ్చింది, "మీ మీద గౌరవంతో" చివరి నెల 299 మాత్రం వెనక్కిస్తామని. ఇచ్చారు కూడా. మిగతా 2,991 గురించి మళ్లీ రాస్తే జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. తెలుగులోనే మాట్లాడొచ్చు, అమ్మే మాట్లాడింది. సీరియల్ కథతో సహా చెప్పింది. నంబరిచ్చారు, చూడాలి. మ్యాండేట్ రద్దు చేశాక కూడా డబ్బు పోతే అది వేరే సంగతి, అప్పుడు మీ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. 30 రోజుల్లో తేల్చకపోయినా, ఆ సమాధానం నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు, ఖర్చేం లేదు.

ఆదివారం సాయంత్రం బస్సుకి టైముందని అరుగు మీద కూర్చున్నా. పిన్ని వచ్చింది, "నాది కూడా చూడమ్మా" అని ఫోన్ చేతిలో పెట్టింది. తర్వాత వెనకింటి అత్త. చూస్తుండగానే గ్రూపులో సగం మంది మా అరుగు మీదే ఉన్నారు. ఐదు ఫోన్లలో ఎనిమిది మ్యాండేట్‌లు తేలాయి. రెండు జాతకాలవి, ఒకటి ఇంగ్లీషు నేర్పేది, ఒకటి మనవడు ఆడే గేమ్, ఇంకొకటి అచ్చం అమ్మదే, ఆ సీరియలే. పిన్ని సిగ్గుపడి నవ్వేసింది. అడిగి అడిగి ఆరు తీశాం. రెండు ఉంచమన్నారు, పాటలదొకటి, పిల్లాడి చదువుదొకటి, వాడుతున్నారు కాబట్టి.

ఒక పెద్దమ్మ ఫోన్ కాకుండా పాస్‌బుక్ తెచ్చింది. మే నెలలో 436 పోయింది, ఇదీ ఆపెయ్యమ్మా అంది. అది యాప్ కాదు పెద్దమ్మా, ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, ఏడాదికొక్కసారే కట్ అవుతుంది, ఏమన్నా అయితే ఇంట్లోవాళ్లకి రెండు లక్షలొస్తాయి అన్నా. "నాకేమవుద్ది?" అంది. పక్కన 20 రూపాయలు కూడా ఉంది, అది ప్రమాద బీమా. రెండూ ఉంచమని పాస్‌బుక్‌లో పెన్సిల్‌తో తెలుగులో రాసిచ్చా, వచ్చే మేలో ఎవరైనా తీసెయ్యకుండా.

పిన్నికి మూడొందలు, పైన ఒక కంద దుంప ఇచ్చి అమ్మ లెక్క తేల్చేసింది. నన్ను బస్సెక్కించడానికి సెంటర్ దాకా వచ్చింది. దారంతా ఏం మాట్లాడలేదు. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరికొచ్చి, "ఒసేయ్, ఆ కోడలు మళ్లీ ఇంటికొచ్చిందా లేదా, ఫ్రీగా ఎక్కడన్నా ఉంటే చూసి చెప్పవే" అంది.